కార్డు మూలన మూడు చుక్కలు

1975 జూన్‌లో నన్ను జూనియర్ ఉపాధి అధికారిగా పాతబస్తీలోని ఒక శాఖా కార్యాలయానికి, మహిళల విభాగానికి బదిలీ చేశారు. ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి గోదాము మీది మేడ అది. మెట్లెక్కి వచ్చిన ప్రతి అమ్మాయీ ముందు రెండు తుమ్ములు తుమ్మి, తర్వాత తన పేరు చెప్పేది. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. మనస్తత్వ శాస్త్రంలో డిగ్రీ, కాలేజీ వక్తృత్వ పోటీల్లో గెలిచిన నాలుగు కప్పులు, ఎవరేం చెప్పినా ‘అదెలా?’ అని అడిగే నోరు. బందరు నుంచి నేను తెచ్చుకున్నవి ఇవే. నోరు ఇప్పటికీ ఉంది. కప్పులు ఏమయ్యాయో తెలియదు.

ఆ ఆఫీసు పనేమిటో ముందు చెప్పాలి. ఉద్యోగం లేని అమ్మాయి వచ్చి పేరు నమోదు చేసుకుంటే ఒక కార్డు తయారయ్యేది. మేము ఎక్స్-1 అనేవాళ్ళం. చదువు, పుట్టిన తేదీ, వచ్చిన పని, ఆ పనికి ప్రభుత్వం ఇచ్చిన అంకె, అన్నీ దాని మీదే. ఆ అంకెల వరుసలో, ఒక్కో అంకెలో మళ్ళీ నమోదు తేదీల వరుసలో, కార్డులు చెక్క సొరుగుల్లో నిలబడి ఉండేవి. మనుషులు కావలసిన ఆఫీసులు, దుకాణాలు మాకు ఆర్డరు రాసేవి. మేము సొరుగు లాగి, ముందు నమోదైనవాళ్ళతో మొదలుపెట్టి, ఒక్కో ఖాళీకి ఐదేసి పేర్లు పంపేవాళ్ళం. మధ్యలో ఎవరినైనా దాటేస్తే కార్డు వెనక కారణం రాసి అధికారి సంతకం చేయాలి. ఆ అధికారిని నేనే. ఇక గడువులోగా వచ్చి రెన్యువల్ చేయించుకోకపోతే కార్డు చెల్లదు. ఎన్నేళ్ళ సీనియారిటీ ఉన్నా దానితోనే పోతుంది.

ఇదంతా నియమావళిలో ఉన్న సంగతి. నియమావళిలో లేనిది చేరిన రెండో వారంలో నా కంటబడింది. ప్రతి కార్డుకూ కుడిచేతి పైమూలన సన్నగా పెన్సిలు చుక్కలు. కొన్నింటికి ఒకటి, కొన్నింటికి రెండు, ఏ కొద్దింటికో మూడు. మా సీనియర్ అసిస్టెంటు యాదగిరి గారిని అడిగాను. ఛత్రినాక మనిషి. అప్పటికి పదహారేళ్ళుగా ఆ సొరుగులు ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆయన కాసేపు దగ్గి, గుర్తు కోసం పెట్టుకున్నానన్నారు. దేనికి గుర్తని మళ్ళీ అడిగితే చెప్పారు. ఒక చుక్క మామూలు ముఖం, రెండు చుక్కలు ఫరవాలేదు, మూడైతే ఇక చెప్పనక్కరలేదు. రిసెప్షను, షోరూము, హోటలు కౌంటరు ఆర్డర్లకు మూడు చుక్కలవాళ్ళు. మిగతా పనులకు మిగతావాళ్ళు.

నేను చెడామడా అడిగేశాను. ఆయన కోప్పడలేదు.

“సీనియారిటీ పట్టుకొని ఒక్క చుక్క పిల్లను పంపుతం అనుకోండ్రి మేడమ్. గా పిల్ల రిక్షా కట్టించుకొని పోతది, రెండు గంటలు కూసుంటది. సేటు మొహం జూసి కల్ ఆనా, రేపు రా అంటడు. గా పిల్ల ఇంటికి పోయి ఏడ్వాల్నా? ముందుగాలనే నేను ఆపుతున్న. పాపమో పుణ్యమో మీరే చెప్పుండ్రి.”

పాపమేనని చెప్పాను. చెప్పి ఊరుకోక, నా ముఖానికి ఎన్ని చుక్కలు పెడతారని అడిగాను.

“మీరు ఆఫీసరు మేడమ్,” అన్నారు తల వంచుకుని. “ఆఫీసర్లకు కార్డుండది.”

ఆయనంటే నాకు గౌరవం కలిగింది ఆ క్షణంలోనే. కానీ చుక్కల మీద కోపం తగ్గలేదు. పురుషుల విభాగంలో నాతోపాటు చేరిన సహోద్యోగిని అడిగి చూశాను, మీ కార్డుల మీద ఇలాంటివేమైనా ఉన్నాయా అని. మగవాడి ముఖం ఎవడిక్కావాలండీ అని నవ్వాడు. వాళ్ళు ఎత్తు రాసుకునేవారు, అదీ వాచ్‌మన్ ఉద్యోగాలకు. ముఖం బాగుంటే గుణం కూడా బాగుంటుందనుకోవడం, ముఖం బాగున్న ఆడదానికి బుర్ర మాత్రం ఉండదనుకోవడం. ఒకదానికొకటి పొసగని ఈ రెంటినీ ఒకే మనిషి ఒకే పూట నమ్మగలడని నేను కాలేజీలో చదువుకున్నాను. ఉస్మాన్‌గంజ్‌లో కళ్ళారా చూశాను.

మూడు వారాలు పట్టింది నాకు. రోజూ మధ్యాహ్నం రెండు సొరుగులు ముందు పెట్టుకుని రబ్బరుతో చుక్కలు తుడిచేశాను. యాదగిరి గారు పక్కన నిలబడి, తన పదహారేళ్ళ చాకిరీ పొడిగా రాలి కింద పడటం చూశారు. ఆ తర్వాత ఆర్డర్లన్నీ వరుస ప్రకారమే. మూడు తరాలుగా చీరల వ్యాపారం చేస్తున్న ఒక పెద్దమనిషి మెట్లెక్కి వచ్చి, తుమ్మి, కూర్చున్నాడు. కొత్త షోరూముకు నేను పంపిన పిల్లలు తనకు పనికిరారట. “అమ్మా, నేను చీరలమ్మాలె, సర్టిఫికెట్లు కాదు” అన్నాడు. గల్లా దగ్గర కూర్చునే మీ అబ్బాయిని కూడా ముఖం చూసే కూర్చోబెట్టారా అని అడిగాను. ఆ అబ్బాయిని నేను చూశాను గనకే అడిగాను. పై అధికారి నుంచి నాకు మెమో వచ్చింది. మెమోకు రెండు పేజీల జవాబు రాశాను. జవాబులు రాయడంలో నాకు ఎప్పుడూ ఆలస్యం లేదు.

సుగుణ వచ్చింది ఆ రోజుల్లోనే, ఛత్రినాకలో బోనాలైన మరుసటి మంగళవారం.

ఆమె ఎలా ఉండేదో వర్ణించను. ఆమె వస్తే ఏం జరిగేదో చెబుతాను. టైపు మిషను ఆగింది. అటెండరు హుసేన్ సాబ్, ఎంత దూరం నుంచి ఎవరొచ్చినా కుండ అదిగో అని గడ్డంతో చూపించే మనిషి, అడగకుండానే గాజు గ్లాసులో నీళ్ళు తెచ్చిపెట్టాడు. నేను కూర్చోమన్నాను. అప్పటివరకూ ఎవరినీ నిలబెట్టి మాట్లాడలేదు నేను, కానీ ‘కూర్చోమ్మా’ అన్న ఆ గొంతు నాదిలా లేదు. నా మీద నాకే చిరాకేసింది.

వాళ్ళ ఇల్లూ ఛత్రినాకలోనే, తండ్రి బస్సు డిపోలో మెకానిక్కు. ఆమె ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు రెండేళ్ళు చదివింది. కావలసింది ట్రేసరు ఉద్యోగం. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన నక్షా మీద పారదర్శకమైన ట్రేసింగ్ గుడ్డ పరిచి, నల్లసిరాతో ప్రతి గీతనూ ఎత్తి రాయడం ట్రేసరు పని. బ్లూప్రింటు దాని నుంచే తీస్తారు. నమోదు చేసుకుని నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళలో రెండుసార్లు ట్రేసరు ఆర్డర్లు వచ్చినా ఆమెను పంపలేదు. పంపిన తొమ్మిదిసార్లూ హోటలు, షోరూము, రిసెప్షను. ఒక్కదానికీ ఆమె ఒప్పుకోలేదు. యాదగిరి గారిని అడిగితే, అంత చక్కని పిల్ల ఒక మూలన కూర్చుని నకలు గీసుకుంటుందనుకోలేదన్నారు. ప్రభుత్వ ఉద్యోగానికి వయోపరిమితి దాటడానికి ఆమెకు ఇక ఐదు నెలలే ఉంది.

మరుసటిసారి తన పని చుట్ట చుట్టి తెచ్చి నా బల్ల మీద పరిచింది. ఏదో చెరువు తూము నక్షా. గీతలన్నీ ఒకే మందం. ఎక్కడా సిరా పొంగలేదు, ఎక్కడా గీత తడబడలేదు. నాకు నక్షాలు తెలియవు గానీ శ్రద్ధ తెలుస్తుంది. కింద కుడిమూలన చిన్న గడి ఉంది. గీసినవారు, నకలు తీసినవారు, సరిచూసినవారు అని మూడు వరుసలు. ఆ గడి లేని నక్షా ఏ ఆఫీసూ తీసుకోదని చెప్పింది.

“సాఫ్ గీత గీస్తే, గీతను చూసి ఎవ్వరు గీసిన్రో చెప్పరాదు మేడమ్. గందుకే నాకీ పని ఇష్టం. నా మొహం ఆడ ఉండది.”

ఆ మాట తర్వాత మా ఇద్దరి మధ్యా మేడమ్ ఎక్కువ రోజులు నిలవలేదు. రెన్యువల్ ఆర్నెల్లకొకసారి అయినా, ఏమైనా ఆర్డరు వచ్చిందేమోనని వారం వారం వచ్చేది. భోజనం వేళకు వస్తే మేడ మీది వెనక వరండాలో ఇద్దరం తినేవాళ్ళం. ఆమెది జొన్నరొట్టె, నాది గోంగూర అన్నం. మూడో వారానికి డబ్బాలు మారిపోయాయి. ‘అక్కా, నువ్వు మాట్లాడితే రేడియోల వార్తలు చదివినట్టు ఉంటది’ అని నవ్వేది. మా సొరుగుల మీది చీటీలు చివికిపోయాయని చూసి, ఒక రోజు సిరాబుడ్డీ, కలాలూ తెచ్చుకుని నలభై సొరుగులకూ కొత్త చీటీలు రాసింది. నేను పక్కన కూర్చుని ఏదో ఒక విషయం మీద వాదిస్తూ ఉండేదాన్ని. ఆమె తలెత్తకుండా ‘కాదు’ అనేది. ఎందుకు కాదో వివరించేది కాదు. అక్షరం పూర్తయ్యాక మాత్రం నా వైపు చూసేది. నాతో వాదనలో అంత తీరిగ్గా ఓడనివాళ్ళు అంతకుముందు లేరు. తర్వాత కూడా లేరు. మంగళవారం కోసం నేను ఎదురుచూడటం మొదలుపెట్టానని నాకు ఆ తర్వాత చాలా కాలానికి గాని తెలియలేదు.

సెప్టెంబరు చివర్లో ఒక ప్రాజెక్టు ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ట్రేసర్లు ఇద్దరు, మహిళలు కూడా అర్హులే. యాదగిరి గారు పది కార్డులు తీసి నా ముందుంచారు. మొదటిది సుగుణది.

అదే రోజు ఆ ఆఫీసు సూపరింటెండెంటు ఫోను చేశాడు. నెలకు పదిహేను రోజులు సైటు క్యాంపులో ఉండాలట. అక్కడంతా మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఒక రేకుల షెడ్డు మాత్రం ఉంది. కొంచెం చూసి పంపండి మేడమ్, అన్నాడు. ఇంతే అన్నాడు. పేరు తీసేయమనలేదు.

నేను పది కార్డులనూ ఇంకోసారి తిప్పాను. తిప్పుతూ ఏమనుకున్నానో దాచకుండా రాస్తాను, లేకపోతే ఇది రాయడం దండగ. ఈ పిల్లను అక్కడ బతకనివ్వరు అనుకున్నాను. ఈ ముఖంతో ఎలాగూ ఏడాది తిరక్కుండా పెళ్ళయిపోతుంది, ఉద్యోగం వదిలేస్తుంది అనుకున్నాను. వరుసలో పదకొండోది ఇంకో అమ్మాయి. నల్లగా, ఎముకల పోగులా, పెదవి బిగించుకుని కూర్చునే పిల్ల. ఆమెను చూస్తే నాకు నా ఇరవై ఏళ్ళ వయసు గుర్తొచ్చేది. ఈ పిల్ల నిలబడి పని చేస్తుంది అనుకున్నాను. ఎందుకు అనుకున్నాను? ఆమె గీసిన గీత ఒక్కటి కూడా నేను చూడలేదు. చూసింది ముఖమే.

సుగుణ కార్డు పక్కకు తీసి వెనక ‘బయటి క్యాంపు పనికి తగదు’ అని రాసి సంతకం పెట్టాను. పదకొండోది పైకొచ్చింది. పది నిమిషాల పని. యాదగిరి గారు జాబితా తీసుకుంటూ ఆ కార్డు వెనక చదివారు. మెల్లగా తలాడించారు.

“మంచి పని జేసిన్రు మేడమ్. నేనైతే గూడ గట్లనే జేస్తుంటి.”

ఆ మాట చెవిన పడింది. మనసున పడలేదు.

మధ్యలో ఒక మంగళవారం రాక, రెండు వారాలకు సుగుణ రెన్యువల్‌కు వచ్చింది. పేర్లు వెళ్ళాయని ఎవరి ద్వారానో విని ఉంది. తన పేరుకు ఇంటర్వ్యూ కాగితం రాలేదు, పోస్టులో తప్పిపోయిందా అని అడిగింది. తప్పిపోలేదన్నాను. రెన్యువల్ ముద్ర కోసం సొరుగు వెతుకుతున్నాను. కార్డు బల్ల మీదే ఉంది. ఆమె తీసి తిప్పి చదివింది. నా దస్తూరీ ఆమెకు తెలుసు.

నేను మొదలుపెట్టాను. రేకుల షెడ్డు గురించి, క్యాంపులో మగవాళ్ళ గురించి, నీ మంచికే అని. కాలేజీలో కప్పులు గెలిచిన నోరు కదా, బాగానే మాట్లాడి ఉంటాను. ఆమె పూర్తిగా విన్నది.

“నన్ను అడిగిన్రా?” అంది.

దొరికిన ముద్రను సొరుగులోంచి పైకి తీశాను.

“మా బాపు డిపోల నేను చిన్నప్పట్నుంచి తిరిగిన. మొగోళ్ళ నడుమ ఎట్లుండాల్నో నాకెర్కనే. నన్ను చూసేటోళ్ళు మస్తు మంది ఉన్నరు మేడమ్. అడిగేటోళ్ళే లేరు. మీరు అడుగుతరనుకున్న.”

అక్క పోయి మళ్ళీ మేడమ్ వచ్చింది. కార్డు వెనక్కి తిప్పి, పైమూల మీద వేలితో రుద్ది చూసింది. రబ్బరుతో తుడిచిన చోట కాగితం కొంచెం తెల్లగా ఉంది.

“చుక్కలు మీరు తుడిపిన్రని యాదగిరి సార్ చెప్పిండు. పెన్సిలువేనా మేడమ్ తుడిపింది?”

కార్డు బల్ల మీద నిటారుగా సర్దిపెట్టి వెళ్ళిపోయింది. హుసేన్ సాబ్ తెచ్చిన నీళ్ళు అక్కడే ఉన్నాయి. రెన్యువల్ ముద్ర నా చేతిలో ఉంది.

చేయదగినవి చేశాను. ప్రాజెక్టు ఆఫీసుకు ఫోను చేసి ఒక పేరు అదనంగా పంపుతానన్నాను. ఇంటర్వ్యూలైపోయాయి, ఇద్దరూ ఖాయమయ్యారన్నారు. పొరపాటు నాదేనని పై అధికారికి రాశాను. కారణం రాసి సంతకం పెట్టాక అది పొరపాటెలా అవుతుందని ఆయన జవాబిచ్చారు. నియమం ప్రకారం ఆయనదే సరి. ఎంపికైన ఇద్దరిలో నేను పైకి తెచ్చిన పదకొండో అమ్మాయి ఒకరు. పదకొండు నెలలు పనిచేసి, పెళ్ళి కుదిరి మానేసింది. ఆమె తప్పేమీ లేదు. ఆమె గురించి నేను అనుకున్నదీ నిజం కాలేదు, అంతవరకే.

గడువు దాటినా సుగుణ కార్డును చచ్చిన కార్డుల పెట్టెలో వేయలేదు. రెండు నెలలు నా సొరుగులోనే పెట్టుకున్నాను. తనిఖీ జరిగితే అది నా మీదికి వచ్చేదే. మంగళవారాలు మధ్యాహ్నం వెనక వరండాలో డబ్బా విప్పుకుని కూర్చునేదాన్ని. మెట్ల మీద ఎవరు తుమ్మినా తలెత్తేదాన్ని. డిసెంబరులో, ఆమె వయోపరిమితి దాటిన వారం, యాదగిరి గారిని వెంటబెట్టుకుని ఛత్రినాక వెళ్ళాను. తండ్రికి డిపో మారిందట, ఇల్లు ఖాళీ చేశారు. పక్కింటావిడ నిజామాబాదంది, ఎదురింటాయన ఆదిలాబాదన్నాడు. ఏ డిపో అని ఇద్దరికీ తెలియదు. పిల్లకు పెళ్ళయిందా అని నేను అడగలేదు. వాళ్ళే చెప్పబోయారు, గంత సక్కని పిల్లకు కాకుండ ఉంటదా అని. వాళ్ళకూ తెలియదు, ఊహే.

ఆ మేడలో మరో ఏడేళ్ళు పనిచేశాను. ఇనుప బీరువాలు వచ్చి చెక్క సొరుగులు పాత సామాను కింద పోయినప్పుడు, ‘ట్రేసర్లు’ అని ఉన్న చీటీ ఒకటి వేడినీళ్ళతో నానబెట్టి ఊడదీసి తెచ్చుకున్నాను. మిగతా ముప్పై తొమ్మిదీ అలాగే పోయాయి. అన్నీ తెచ్చుకోవలసింది.

ఆ తర్వాత ఉద్యోగరీత్యా ఎన్నో ఇంజనీరింగ్ ఆఫీసులకు వెళ్ళాను. గోడలకు నక్షాలు వేలాడుతుంటాయి. ఆనకట్టలు, వంతెనలు, నీళ్ళ ట్యాంకులు. నేను ఎదుటి మనిషితో మాట్లాడుతూనే నక్షా దగ్గరికి నడిచి, కింద కుడిమూలన గడి చదివేదాన్ని. నకలు తీసినవారు. గీతను చూసి ఎవరిదో చెప్పలేమని తనే చెప్పింది గనక, పేరు తప్ప నాకు వేరే దారి లేదు. ఇరవై ఒక్కేళ్ళు చదివాను. ఆ పేరు కనబడలేదు. మొన్న ఏదో పని మీద మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను. ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది, నక్షాతో నాకేం పని? అయినా వంగి చదివాను.

ముఖాలకు చుక్కలు పెట్టకుండా ఉండటం మనిషికి సాధ్యమా అని నన్ను ఇప్పటికీ అడుగుతారు, ముఖ్యంగా కొత్తగా ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చునే ఆడపిల్లలు. సాధ్యం కాదనే చెబుతాను. యాదగిరి గారు తన చుక్కలు కాగితం మీద పెట్టారు గనక నేను తుడవగలిగాను. నావి నాకు కనబడలేదు. అందుకే 1975 తర్వాత నియమావళిలో లేని పని నేనూ ఒకటి పెట్టుకున్నాను. ఎవరినైనా దాటేయవలసి వస్తే, జాబితా పంపేముందు ఆ మనిషిని పిలిపించి, కారణం ఆమె ఎదుట పైకి చదివేదాన్ని. దీనివల్ల జాబితాలు ఆలస్యమయ్యాయి, రెండు మెమోలు కూడా వచ్చాయి. కొన్ని కారణాలు చదవగలిగాను. కొన్ని చదవబోతే నోరు రాలేదు. నోరు రానివి కొట్టేసి పేరు పంపాను.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. ఎదుట కూర్చోబెట్టి చదవలేనిది కారణం కాదు, చుక్క.